లక్షన్నర నిండిన తర్వాత

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో నాకు పదకొండు మార్కులు వచ్చాయి. అందులో రెండు, గొడవ చేయకుండా కూర్చున్నందుకు మా సారు దయతలిచి వేసినవి. ఆ ఏడే బడికి దండం పెట్టి బయటపడ్డాను. అలాంటివాడి చేతికి ఆర్మూర్ చుట్టుపక్కల జనం ఇరవై ఎనిమిదేళ్ళ పాటు నెలనెలా తమ పొదుపు తెచ్చి ఇచ్చారు. వాళ్ళ ధైర్యానికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. ఏజెన్సీ నా పేరున లేదు. పోస్టాఫీసు నెలవారీ డిపాజిట్ల ఏజెన్సీ ఆడవాళ్ళకే ఇస్తారు. కార్డు మీద ఫోటో మా ఆవిడ లక్ష్మిది, సంతకం ఆమెది, మోపెడ్ మీద ఎండకు మాడిన నెత్తి నాది. ఎవరైనా "నువ్వేం పని చేస్తవ్?" అనడిగితే "మా ఆవిడ కింద పని చేస్తున్న" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. అది ఉన్న మాటేనని పెళ్ళైన మగవాళ్ళకు మాత్రం తెలిసేది.

పోయినేడు మోకాళ్ళు మొండికేశాక సంచి దించాను. మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఈ మధ్యే ఏజెన్సీ తీసుకున్నారు. "కాకా, ఏమన్న చెప్పు" అని వస్తుంటారు. అమ్మలూ, ఫారాలు నింపడం మీకు నాకంటే బాగా వచ్చు. ఫోనులోనే నింపేస్తున్నారు. ఫారంలో గడి లేని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

కళ్ళు మూసుకొని చెప్పమనడం

చలి పోతూ ఎండ ఇంకా ముదరని రోజుల్లో వేల్పూర్ దారిన మధ్యాహ్నం పూట వెళ్ళి చూడండి. ఉడికించిన పసుపు కొమ్ములు దారికి రెండు పక్కలా ఆరబోసి ఉంటాయి. ఎక్కడో పసుపు మెరుగుపెట్టే డ్రమ్ము తిరుగుతుంటుంది. దాని చప్పుడు దూరం నుంచి వింటే వాన దగ్గరికొస్తున్నట్టే ఉంటుంది గానీ వాన రాదు. గాలిలో సన్నటి పసుపు దుమ్ము. చొక్కా పసుపు, కనుబొమ్మలు పసుపు, మోపెడ్ అద్దం పసుపు. ఆ దారిలో నేను బండి నడిపేవాణ్ణో, బండే నన్ను మోసుకుపోయేదో చెప్పలేను.

ఆ వేళలో మనుషులు సగం నిద్రలో ఉంటారు. అప్పుడు పైసల గురించి అడిగితే అబద్ధం చెప్పే ఓపిక ఉండదు. ఈ కిటుకు నాకు అనుకోకుండా దొరికింది. ఒక ముసలమ్మ నెలకు రెండు వందలు కడతానంది. "దేనికోసం అవ్వా?" అంటే "ఊకెనే" అంది. తమాషాకు "కండ్లు మూసుకో, గా పైసలన్నీ ఒక్కపారి చేతికొచ్చినయ్. ఏం కనబడుతుంది?" అన్నాను. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. అప్పుడంది: "రేకుల కప్పు. వాన పడుతుంటే చప్పుడైతుంది. నేను లోపల్నే ఉన్న."

అప్పటినుంచి ప్రతివాళ్ళనీ అదే అడిగేవాణ్ణి. విన్నది పుస్తకంలో వాళ్ళ పేరు పక్కన రాసుకునేవాణ్ణి. ఒకసారి ఆ పుస్తకం పోస్ట్‌మాస్టరు గారి కంటబడింది. మంచాయన, నవ్వడానికి మాత్రం పైనుంచి అనుమతి రావాలనుకునే రకం. రెండు పేజీలు తిప్పి, "ఏందయ్యా ఇది, కలల రిజిస్టరా? ఇది ఏ నిబంధన కింద రాస్తున్నవ్?" అని కోప్పడ్డాడు. నేను తల దించుకున్నాను. మర్నాడు కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నాదీ ఒకటి రాసుకో. పింఛను వచ్చినంక ఒక రోజంతా ఎవ్వరి సంతకమూ చూడకుండ ఉండాలె."

నవ్వులాటగా మొదలైనా ఇందులో పని ఉంది. కల చెబితే తేదీ తెలుస్తుంది. రేకుల కప్పు రెండేళ్ళలో కావాలి, పిల్ల చదువు ఏడేళ్ళలో కావాలి, ముసలితనం దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. సొమ్ము ఎక్కడ వేయాలన్నది ఆ తేదీని బట్టే ఉంటుంది. నేను నేర్చుకున్న విద్య అంతా ఇంతే. దాన్నే ఒకసారి మరిచిపోయాను. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా.

పన్ను పడని ఖాతా

పిపిఎఫ్ ఖాతా సంగతి మీకు తెలిసిందే. పదిహేనేళ్ళ సర్కారు పొదుపు. వచ్చే వడ్డీ మీద పన్ను లేదు. ఏడాదికి లక్షన్నర వరకే వేయనిస్తారు. అంటే నెలకు పన్నెండున్నర వేలు. గల్ఫ్ సొమ్ము వచ్చే ఇళ్ళలో, ఉద్యోగస్తుల ఇళ్ళలో ఆ లక్షన్నర నిండుతుంది. అప్పుడు మనల్ని అడుగుతారు: "నిండింది, మిగిలేది ఎక్కడ వెయ్యాలె?"

ఊళ్ళో ఈ ప్రశ్నకు జవాబులు చెప్పేవాళ్ళకు కొదవలేదు. హైవే పక్క ప్లాటు కొనమనే బావమరిది ఉంటాడు. ఆ ప్లాటుకు దారి ఏదంటే ఆకాశం చూపిస్తాడు. చిట్టీ వేయమనే పెద్దమనిషి ఉంటాడు. ధర పెరిగేదాకా పసుపు బస్తాలు దాచమనే రైతు ఉంటాడు. నేనూ ఒకసారి పది బస్తాలు కొని దాచాను. ధర నా ముఖం చూసి ఎందుకు పెరుగుతుంది? ఏడాదిన్నర ఆ బస్తాల మీదే కూర్చొని చాయ తాగాను. చివరికి పురుగులు నాకంటే ఎక్కువ లాభపడ్డాయి.

ఉద్యోగస్తులకు, నిజంగా పన్ను కట్టేవాళ్ళకు, లక్షన్నర నిండాక ఇంకెక్కడ పన్ను తక్కువ పడుతుందని వెతకడంలో అర్థముంది. కానీ మన దగ్గరకు వచ్చేవాళ్ళలో సగం మందికి అసలు పన్నే పడదు. వాళ్ళ ఆదాయం పన్ను మొదలయ్యే గీత దాకా రాదు. మరి వాళ్ళకు "పన్ను లేదు" అనే మాట ఎందుకు చెబుతాం? వినడానికి బాగుంటుంది కాబట్టి. ఎవరో ప్రభుత్వాన్నుంచి మనకు దొంగచాటుగా ఏదో ఇప్పిస్తున్నట్టు ఉంటుంది. ఆ మాట అమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను.

గంగామణి

గంగామణిది వేల్పూర్ దగ్గర పల్లె. ఎకరం పసుపు చేను, ఒక కూతురు, తీరిక దొరికితే బీడీలు. భర్త భూమన్న మస్కట్‌లో ఏసీలు బిగించే పని. రెండేళ్ళకోసారి రెండు నెలలు వచ్చిపోతాడు. ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఆ వరసన భూమన్న నాకు బావ. బావ వరస దొరికితే నా నోరు ఊరుకోదు గదా. వచ్చినప్పుడల్లా "చుట్టం వచ్చిండు, మంచినీళ్ళియ్యి చెల్లె" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

మొదటిసారి కళ్ళు మూసుకోమన్నప్పుడు ఆమె ఏం చెప్పిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"మా ఇంటాయన బువ్వ తిని పళ్ళెంల చెయ్యి కడిగిండు. నేను తిడుతున్న. ఫోన్ల కాదన్నా. ఎదురుంగ నిలవడి తిడుతున్న."

నెలకు పన్నెండున్నర వేలు ఆమె పేరున పిపిఎఫ్‌లో వేయించాను. కొన్నాళ్ళకు భూమన్న జీతం పెరిగింది. నెలకు ఇంకో పది వేలు మిగలసాగాయి.

"లక్షన్నర నిండింది గదన్నా. గివి యాడ వెయ్యాలె? జర మంచిగ చెప్పు. ఇవి జమైతెనే ఆయన వీసా బందువెట్టి ఇంటికొస్తడు."

నేను ఆగి తేదీ అడగాల్సింది. అడగలేదు. ఎందుకో చెబుతాను, ఇది మీరు బాగా వినాలి. నెలవారీ డిపాజిట్ కట్టిస్తే మాకు కమిషన్ వస్తుంది. పిపిఎఫ్ కట్టిస్తే రాదు. ఊళ్ళో కొందరు "ఏజెంటు కమిషన్ వచ్చేదే చెప్తడు" అనేవాళ్ళు. నేను అలాంటివాణ్ణి కాదని చూపించుకోవాలని నాకు ఒక దురద. అందుకే గొప్పగా అన్నాను: "నాకు ఒక్క పైస రానిదే చెప్తున్న చెల్లె. బిడ్డ పేరున ఇంకో పిపిఎఫ్ తెరువు. దానికి ఇంకో లక్షన్నర దాక జాగ ఉంటది. పన్ను లేదు."

బిడ్డకు పదేళ్ళు దాటాయి కాబట్టి పదేళ్ళలోపు ఆడపిల్లల కోసం ఉండే ఖాతా కుదరదు. తల్లి సంరక్షకురాలిగా పిపిఎఫ్ తెరిచాం. తల్లి ఖాతా ఒక పోస్టాఫీసులో, పిల్లది ఇంకో దాంట్లో. నా మోపెడ్ తిరిగే దారికి అదే అనుకూలమని నేనే అలా పెట్టించాను.

నిబంధన ఏమిటంటే, తల్లి ఖాతా, ఆమె చూసే మైనరు బిడ్డ ఖాతా, రెండూ కలిపే లక్షన్నర. విడివిడిగా కాదు. ఫారం వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎనిమిదో తరగతి వాణ్ణి, పెద్ద అక్షరాలు చదివి వెనక్కి తిప్పకుండా సంతకం పెట్టించాను.

నాలుగేళ్ళకు

నాలుగేళ్ళు గడిచాక కౌంటరుకు కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. నెమ్మదస్తురాలు. ఏదో పని మీద గంగామణి పేరు కంప్యూటర్లో కొట్టింది. రెండు ఖాతాలూ ఒకేసారి తెర మీదకు వచ్చాయి. ఆమె ముఖంలో ఏ కోపమూ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అంకుల్, పాప ఖాతాల పడ్డదంతా లిమిట్ దాటిందే. అసలు వాపసిస్తరు. వడ్డీ రాదు."

"ఎంత పోతది బిడ్డా?"

"డెబ్బై వేల పైచిలుకు."

బయటికి వచ్చి బండి మీద కూర్చున్నాను గానీ స్టార్టు చేయలేదు. మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను. "సంతకం నాదే గదా, నేను గూడ వస్త" అంది. వద్దన్నాను. తప్పు నాది.

గంగామణి గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. చెప్పాను. కత్తెర ఆగలేదు. ఆకు కత్తిరిస్తూనే ఉంది. అంతా విని, దారం చుట్టి, ముడేసి, అప్పుడు ఆగింది.

"కమిషన్ రానిదే చెప్పిన అంటివి."

"అన్న."

"కమిషన్ వచ్చేది చెప్పినా మంచిగుండు గదన్నా."

డెబ్బై వేలు నా దగ్గరున్న దాంట్లోంచి కొంచెం కొంచెంగా ఇస్తానన్నాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"పైసలు గాదన్నా నా రంది. గీ యేడు కాంట్రాక్టు అయిపోతది. ఇగ వద్దు, వచ్చేయ్ అని నేనంటున్న. ఆయన ఊ అంటలేడు, ఆ అంటలేడు. ఇప్పుడు డెబ్బై వేలు పోయినయంటే ఏమంటడు? ఇంకో రెండేండ్లు చేస్త అంటడు. గా రెండేండ్లు అయినంక ఇంకో సాకు. బిడ్డ గింత పెద్దగైంది, నాన్న అంటె ఫోన్ల ముఖమే అనుకుంటుంది." మళ్ళీ ఆకు అందుకుంటూ అంది: "నేను చెప్పను. నువ్వే చెప్పు. శుక్రారం ఆయనకు సెలవు. నా ముందటనే చెప్పు."

శుక్రవారం

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ మడత పెట్టిన చొక్కా వేసుకొని వెళ్ళాను, శిక్ష పడేవాడికి చొక్కా ఎందుకో తెలియదు గానీ. గంగామణి ఫోనును పసుపు డబ్బాకు ఆనించి పెట్టింది. తెర మీద భూమన్న, వెనక ఇనుప మంచాలు, తీగకు ఆరేసిన ప్యాంట్లు.

"ఏం బావా, గింత తయారైనవ్? నా పైసలు మింగినవా ఏంది?" అన్నాడు నవ్వుతూ.

"మింగితే అరిగేది బావా. గిది అరుగుతలేదు."

చెప్పాను. దాచకుండా, తప్పు నాదని రెండుసార్లు చెప్పాను. ఆయన వెనక ఏదో యంత్రం గుర్రుమంటోంది. కోప్పడతాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. ఆయన మాత్రం చాలా తేలిగ్గా అన్నాడు: "పోనీ తియ్యి బావా. ఏముంది, ఇంకో రెండేండ్లు చేస్త."

ఆ తేలికదనం చూశారూ, అక్కడ నాకు అర్థమైంది. ఆయనకు పైసలు చాలవన్న భయం కాదు. ఇంటికి వచ్చాక నెల మొదటి తారీఖు ఎలా ఉంటుందో ఊహకు అందని భయం. పదకొండేళ్ళుగా మొదటి తారీఖంటే ఆయనకు జీతం పడే రోజే. గంగామణి గోడవైపు తిరిగింది.

నాకు చేతనైన విద్య ఒక్కటే. "బావా, కండ్లు మూసుకో" అన్నాను.

"నేనేమన్న ఖాతా తెరిచేతందుకు వచ్చిన్నా?"

"మూసుకో బావా. వచ్చేసినవ్. ఇగ పొయ్యేది లేదు. ఏం కనబడుతుంది?"

నవ్వాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఇనుప మంచాల ముందు, మిట్టమధ్యాహ్నం, ఒక నలభై అయిదేళ్ళ మనిషి కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. గంగామణి మెల్లగా ఇటు తిరిగింది.

"కనబడుతలేదు బావా," అన్నాడు. "వాసనొస్తుంది. పసుపు ఉడుకుతుంది. పదకొండేండ్లాయె. సెలవు ఎప్పుడిచ్చినా ఎండలు ముదిరినంకనే ఇచ్చిండ్రు. నేనొచ్చేటాల్లకు పసుపు అమ్ముడువోతది. గా పొగల నిలవడాలె. కండ్లు మండాలె. ఈమె పక్కకు జరుగు అని ఒర్లాలె."

ఆ వాసన ఆ ఇంట్లోకి వచ్చినట్టే అనిపించింది, అది పసుపు ఉడికే కాలం కాకపోయినా.

"సంక్రాంతి దాటినంక ఉడకవెడ్తరు. అంటే పది నెల్లు. తేదీ చెప్పినవ్ బావా. నాకు గంతే కావాలె," అన్నాను.

ఇక మాట్లాడాల్సింది మాట్లాడాం. ఇంటికి నెలకు ఎంత కావాలని గంగామణిని అడిగితే, పదహారు వేలని తడుముకోకుండా చెప్పింది. పిల్ల ఖాతా నుంచి వాపసు వచ్చే నాలుగు లక్షల ఎనభై వేలూ ఆమె పేరున నెలనెలా వడ్డీ ఇచ్చే పథకంలో పెడితే దాదాపు మూడు వేలు వస్తాయి. మిగతాదానికి చేను, బీడీలు, ఆయన చేతి పని ఉన్నాయి. ఆమె పిపిఎఫ్‌ను ముట్టుకోకూడదు. అది పిల్ల చదువుకు. ఈ పది నెలల్లో మిగిలేది ఎక్కడా బిగించకుండా ఏడాది లోపు డిపాజిట్లో ఉంచాలి, ఎందుకంటే దిగిన మొదటి మూడు నెలలూ ఆయనకు పని కుదరకపోవచ్చు.

"పని యాడ దొరుకుతది బావా?" అన్నాడు. అసలు భయం అప్పుడు బయటికి వచ్చింది.

"ఆర్మూర్‌ల ఏసీ బిగించేటోని కోసం ఎండకాలం జనం కొట్లాడుతున్నరు. పోయినేడు మా పక్కింటాయన మెకానిక్ కోసం పెండ్లికొడుకు కోసం చూసినట్టు ఎదురుచూసిండు."

"మరి గా నెల వడ్డీ మీద పన్ను వడదా?"

"నీ మస్కట్ జీతం మీద ఈడ పన్ను లేదు. ఈ వడ్డీ చెల్లె లెక్కల చూసినా, నీ లెక్కల కలిపినా, పన్ను వడే గీత దాక రాదు. పన్ను లేని జాగ అని నాలుగేండ్లు ఉరికిచ్చిన, అసలు మనకు పన్నే లేకుండె. మంచిగ చదువుకున్నోన్ని ఒకసారి అడుగు. నన్ను నమ్మకు."

"నిన్నెవడు నమ్మిండు బావా, వాసనను నమ్మిన," అన్నాడు.

కొత్తవాళ్ళకు

కమిషన్ కోసం తప్పు సలహా ఇచ్చేవాళ్ళ గురించి మీకు అందరూ హెచ్చరిస్తారు. నిజాయితీపరుణ్ణని అనిపించుకోవడం కోసం ఇచ్చే తప్పు సలహా గురించి ఎవరూ చెప్పరు. రెండింట్లోనూ మనం చూసేది మన ముఖాన్నే, ఎదుటివాళ్ళది కాదు. ఫారం వెనక్కి తిప్పండి. ఇంట్లో వాళ్ళందరి ఖాతాలూ ఒకేచోట రాసుకోండి. "లక్షన్నర నిండింది, మిగిలేది ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే, పథకం పేరూ వడ్డీ చెప్పేముందు ఆ సొమ్ముతో వాళ్ళు ఎప్పుడు, ఎక్కడ నిలబడాలనుకుంటున్నారో వినండి. ఒక్కొక్కసారి గంటసేపు పడుతుంది. ఆ గంటకు కమిషన్ లేదు. నా ఇరవై ఎనిమిదేళ్ళలో పనికొచ్చిన గంటలు మాత్రం అవే.

ఈ ఏడు పసుపు ఉడికించే రోజుల్లో ఆ పల్లెకు వెళ్ళాను. చేను గట్టున పెద్ద కడాయి, కింద మంట, పైన తెల్లటి ఆవిరి. ఆవిరిలో ఒక మనిషి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, పదిమందికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. గంగామణి జరగమని అరుస్తోంది. నేను గట్టు మీద కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ ఆవిరి చేలమీదుగా మెల్లగా సాగిపోతుంటే, పిలవాలనిపించలేదు.

ఆమే నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"చెల్లె, నేను తప్పు చేసి నీ పైసలు పోగొడితి. నా మీద కోపం పోయిందా?"

కొంగుతో ముఖం తుడుచుకొని, ఆవిరిలో ఉన్న భర్త వైపు ఒకసారి చూసి, అంది:

"ఉన్నదన్నా, ఎందుకుండదు? గా తప్పేదో మొదటి యేడే దొరకాలె గదా. ఈయన మూడేండ్ల ముందుగల్లనే వస్తుండె."